థండర్ బ్లఫ్‌లో నా తోలు పని

లిఫ్టు ఎక్కాక ఒక్కటే జాగ్రత్త. అది పూర్తిగా ఆగేదాకా కాలు కదపొద్దు. నేను మొదటిసారే కదిపాను. అంత ఎత్తు గుట్ట మీద నుంచి జారి, కింద గడ్డిలో పడి చచ్చాను. థండర్ బ్లఫ్‌తో నా పరిచయం అలా మొదలైంది.

కంగారు పడకండి. అది ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ అనే ఆన్‌లైన్ గేమ్‌లోని ఊరు. 2004లో వచ్చిన ఈ గేమ్ పాత రూపాన్నే 2019లో ‘క్లాసిక్’ పేరుతో మళ్లీ తెచ్చారు. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ రూమ్ ఖాళీ చేసి ఊరికొచ్చాను. పగలంతా ఆఫీసు పని, రాత్రయితే ఫోన్ హాట్‌స్పాట్ మీద గేమ్. బస్సులు కూడా తిరగని ఆ రోజుల్లో నేను తిరిగిన దేశం ఇదొక్కటే.

నా క్యారెక్టర్ టౌరెన్. అంటే మనిషిలా నడిచే ఎద్దు. టౌరెన్లు పుట్టేది మల్‌గోర్ అనే పచ్చిక మైదానంలో. ఈ గేమ్‌లో యుద్ధాలే కాదు, చేతిపనులూ ఉంటాయి. ఒక్కొక్కరికి రెండు ముఖ్యమైన పనులు నేర్చుకునే వీలుంటుంది. నేను తోలు ఒలవడం, తోలుతో వస్తువులు కుట్టడం ఎంచుకున్నాను. చంపిన జంతువుల తోలే వాడుకోవచ్చు కాబట్టి ఖర్చు తక్కువ అని నాకు నేను చెప్పుకున్నాను.

అసలు సంగతి వేరే. మా తాత చెప్పులు కుట్టేవాడు. మాది ఊరి చివర మాదిగవాడ. బళ్లో ‘మీ తాత ఏం చేస్తాడు?’ అని అడిగితే ‘వ్యవసాయం’ అనేవాణ్ని. ఇంజినీరింగ్‌లోనూ అదే, ఆఫీసులోనూ అదే. గేమ్‌లో మా గిల్డ్ వాళ్లు ‘నువ్వేం పని చేస్తావ్?’ అని అడిగినప్పుడు మాత్రం ‘తోలు పని’ అని టక్కున టైప్ చేశాను. కొమ్ములున్న బొమ్మ వెనక దాక్కుని అయినా సరే, ఆ మాట అనడం నా జీవితంలో అదే మొదటిసారి.

రెండు సెకన్ల తోలు

పని మొదలయ్యేది బ్లడ్‌హూఫ్ విలేజ్‌లో. ఒలవడం నేర్పే గురువు, కుట్టడం నేర్పే గురువు ఇద్దరూ అక్కడే ఉంటారు. ఒలిచే కత్తి ఒకటి కొనుక్కుని తోడేళ్ల వెంట పడాలి. మొదట్లో చిరిగిన తోలు ముక్కలే ఎక్కువ వస్తాయి. మూడు ముక్కలు కలిపితే ఒక పల్చటి తోలు. ఆ తోలుతో ఒక ఆర్మర్ కిట్. కిట్టు మీద కిట్టు చేసుకుంటూ పోతే స్కిల్ పెరుగుతుంది.

కొత్తవాళ్లకో చిట్కా. చేయాల్సిన వస్తువు పేరు ఏ రంగులో ఉందో చూసుకోండి. ఆరెంజ్ అయితే చేసిన ప్రతిసారీ ఒక పాయింట్. పసుపైతే చాలాసార్లు వస్తుంది. ఆకుపచ్చకి తిరిగిందంటే ఎప్పుడో ఓసారి. బూడిద రంగు వచ్చిందా, ఇక దాంతో నేర్చుకునేదేమీ లేదు. 75, 150, 225 దగ్గర ఆగి, పై మెట్టు నేర్పే గురువుని వెతుక్కోవాలి. చివరి మెట్టు 300.

తాతకి ఎనభై దాటాయి. రాత్రిళ్లు నిద్ర పట్టక నా పక్కన కుర్చీ వేసుక్కూర్చునేవాడు. ఓ రాత్రి నేను తోడేలు మీద క్లిక్ చేయగానే రెండు సెకన్లలో తోలు సంచిలో పడింది.

“అయిపాయెనా?” అన్నాడు.

“అయిపోయింది తాతా.”

“గంతేనా? సున్నం లేదు, తంగేడు చెక్క లేదు. వాసన సుత రాదాయె. గింత అల్కగయితే మా నాయిన చేతులు గట్లెందుకు పగిలె?”

లంద గురించి తాత నాకు వివరంగా చెప్పింది ఆ రాత్రే. పచ్చితోలుని సున్నంలో నానేసి వెంట్రుకలు ఊడదీయాలి. తర్వాత తంగేడు చెక్క దంచిన నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టాలి. మోటబావుల కాలంలో మా ఊరి బావులకి తోలు తొండాలు కుట్టిచ్చింది మా వాళ్లే. కరెంటు మోటార్లొచ్చి తొండాలు పోయాయి. ప్లాస్టిక్ చెప్పులొచ్చి చెప్పులూ పోయాయి. ఆరె, రంపె మాత్రం ఇంకా తాత పెట్టెలో ఉన్నాయి.

ఒక్క గుట్ట మీదనా?

తాతకి థండర్ బ్లఫ్ చూపిద్దామనిపించింది. ఈసారి లిఫ్టు ఆగాకే దిగాను. మైదానం మధ్యలో నిటారుగా లేచిన నాలుగు గుట్టలు, వాటిని కలిపే తాళ్ల వంతెనలు, తోలు గుడారాలు, చెక్కిన స్తంభాలు. తాత కళ్లద్దాలు సర్దుకుని చూశాడు.

“తోలు పనోళ్ల ఇండ్లేడ?”

“ఇదే తాతా, ఈ గుడారమే. ఈమె పేరు యూనా, పెద్ద పనిమంతురాలు.”

“ఊరి నడుమనా? మరి దొర ఏడుంటడు?”

“కెయిర్న్ అని వీళ్ల పెద్ద. ఇదే గుట్ట మీద, ఇంకొంచెం పైన.”

తాత చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు. “ఒక్క గుట్ట మీదనా?”

ఆ గేమ్ తయారు చేసినవాళ్లు తోలు పని గురువుని అక్కడ పెట్టేటప్పుడు ఇదంతా ఆలోచించి ఉండరు. మా తాతకి మాత్రం ఆ రాత్రి గేమ్‌లో నచ్చింది అదొక్కటే.

ఎముకల లోయ

మల్‌గోర్ దాటితే తూర్పున బారెన్స్. ఎంత నడిచినా తరగని ఎండు నేల. అక్కడ జెవ్రా అనే చారల గుర్రాల డెక్కలు తెమ్మని ఒక పని ఇస్తారు. నాలుగు కాళ్లతో పరిగెత్తే జెవ్రాని పట్టి చూస్తే సంచిలో ఒక్క డెక్క కూడా పడదు. ఆడినవాళ్లందరికీ తెలిసిన జోకు ఇది. కోడో అనే కొండంత జంతువు పల్చటి తోలుతో సంచి కుట్టడం నేర్చుకున్నదీ ఆ రోజుల్లోనే. ఆరు అరల సంచి. చూపిస్తే తాత “గిది పనికొచ్చేది” అన్నాడు.

స్టోన్‌టాలన్ కొండలు దాటి డెసొలేస్ చేరాను. పేరుకి తగ్గట్టే పాడుపడ్డ నేల. దాని మధ్యలో ఓ లోయ ఉంది, కోడోల శ్మశానం. ముసలివైన కోడోలు చావడానికి తమంతట తామే అక్కడికి నడిచొస్తాయి. ఇంటికన్నా పెద్ద పక్కటెముకల మధ్య అవి నెమ్మదిగా తిరుగుతుంటాయి. వాటినీ చంపి ఒలవొచ్చు, స్కిల్ పెరుగుతుంది. నేను కత్తి తీశాను.

“మేం చంపలె బిడ్డా,” అన్నాడు తాత. “సచ్చినదాన్నే మోసినం. ఊళ్లె ఎవరి గొడ్డు సచ్చినా కబురు మాకే వచ్చేది. నువ్వు మోస్తె పెయ్యంత వాసనని దూరం జరిగేటోళ్లు. ఆ తోలు చెప్పయి వస్తె కాళ్లకేసుకునేటోళ్లు.”

ఆ రాత్రి అక్కడ ఒక్క కోడోనీ ఒలవలేదు. ఊరికే కొంతసేపు తిరిగి, దక్షిణాన ఫెరలాస్ అడవుల వైపు నడిచాను. పెద్ద పెద్ద చెట్లు, పచ్చటి నీడ. 225 దాటాలంటే మా పక్షం వాళ్లు అక్కడి క్యాంప్ మొజాచీకి పోవాల్సిందే. ఆఖరి మెట్టు నేర్పే గురువు ఉండేది అక్కడే.

ఉప్పు దగ్గర

ఆఖరి మెట్టు ఎక్కువ భాగం ఉన్‌గోరో బిలంలో గడిచింది. రాక్షసబల్లులు తిరిగే అడవి అది. మొరటు తోలు దొరికేది అక్కడే, వెనకనుంచి ఏదో వచ్చి మింగేదీ అక్కడే. ఆ తోలుతో పాటు అప్పుడప్పుడూ పచ్చి చర్మం కూడా వస్తుంది. దాన్ని నేరుగా వాడలేం. శుద్ధి చేసిన రాతి ఉప్పు పట్టించాలి. ఆ ఉప్పు తయారు చేసే సాధనాన్ని ఒకసారి వాడితే మళ్లీ మూడు రోజులు ఆగాలి.

“ఉప్పా?” తాత కుర్చీలో ముందుకి జరిగాడు. “అగో, గిది నిజం. పచ్చితోలుకు ఉప్పు వెట్టకుంటె పురుగు పడ్తది. మూడొద్దులు ఆగుమన్నడా? వానికెవడో తెలిసినోడే చెప్పిండు.”

300 వచ్చిన రోజు నేను కుట్టిన కోటు చూపించాను. కింద ఆకుపచ్చ అక్షరాలుంటే ఏమిటని అడిగాడు. చేసినవాడి పేరు తాతా, గేమ్‌లో కుట్టిన ప్రతి కవచం మీదా అది పడుతుంది అన్నాను.

“మా చెప్పుల మీద పేరు లేకపాయె,” అన్నాడు. “ఊళ్లెకు వోతె మేం కుట్టినయే, మేమే చేతుల వట్టుకొని నడిచేది.”

నేనేమీ అనలేకపోయాను. నా క్యారెక్టర్‌కి పెట్టుకున్న స్టైలిష్ పేరు తెర మీద మెరుస్తూనే ఉంది.

మర్నాడు ఇంకో టౌరెన్‌ని పుట్టించాను. పేరు తాతది. లెవెల్ 1, స్కిల్ 1. మళ్లీ అవే తోడేళ్లు, అవే చిరిగిన ముక్కలు. రెండు పల్చటి తోళ్లు, ముతక దారం ఒకటి కలిపితే మొదట వచ్చే వస్తువుల్లో ఒకటి చేత్తో కుట్టిన తోలు బూట్లు. కుట్టాను. కింద ఆకుపచ్చ అక్షరాల్లో ఉన్న పేరు చదివి వినిపించాను. తాత మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను.

తెర దగ్గరికి వంగి చూసి, “కుట్టు ఎడమున్నది,” అన్నాడు.

ఆ బూట్లు తొడుక్కుని థండర్ బ్లఫ్ లిఫ్టెక్కాను. పూర్తిగా ఆగేదాకా ఆగాను. యూనా గుడారం దాటి, కెయిర్న్ ముందుకి వెళ్లి నిలబడ్డాను. బూట్లు కాళ్లకే ఉన్నాయి.