గుడ్డు, పిండి, పరాయి ఊరు

వంటల పుస్తకాన్ని సాహిత్యంగా చదవవచ్చునా అని ఈ మధ్య ఒక మిత్రుడు అడిగాడు. చదవవచ్చు, కాని అన్నిటినీ కాదు. కొలతలు చెప్పి ఊరుకునే పుస్తకం వంటింటి గూట్లో ఉండవలసినది. ఆ కొలతలు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చాయో, ఏ ఊళ్లో పుట్టి ఏ ఊళ్లో బతికాయో కూడా చెప్పే పుస్తకానికి నవలల పక్కన చోటివ్వవచ్చు. అటువంటి వాటిలో నాకు అన్నిటికంటె ఇష్టమైనది క్లాడియా రోడెన్ 1968లో వెలువరించిన 'ఎ బుక్ ఆఫ్ మిడిల్ ఈస్టర్న్ ఫుడ్'.

రోడెన్ 1936లో కైరోలో జన్మించారు. తండ్రి వైపువారు సిరియాలోని అలెప్పో నుంచి ఈజిప్టుకు వచ్చిన యూదులు. 1956లో సూయెజ్ సంక్షోభం తరువాత ఈజిప్టులోని యూదు కుటుంబాలు పెద్ద సంఖ్యలో దేశం విడవవలసి వచ్చింది. అప్పటికి ఆమె లండన్‌లో చిత్రకళ చదువుకుంటున్నారు. కైరో నుంచి వచ్చిన బంధుమిత్రులు అక్కడ కొన్నాళ్లుండి తలొక దేశానికీ చెదిరిపోయారు. మళ్లీ కలుస్తామో లేదో తెలియని ఆ మనుషులు విడిపోయే ముందు ఒకరినొకరు అడిగి రాసుకున్నవి వంటల వివరాలు. అంతవరకూ ఇళ్లలో నోటిమాటగా నడిచిన వంటలవి. వాటిని పోగుచేయటంతో ఆమె పని మొదలైంది. పుస్తకం నిండా మేనత్తలు, పినతల్లులు, పొరుగువారు కనిపిస్తారు. ఫలానా వంట ఫలానావారిది అని చెప్పటంలో ఒక బాధ్యత వినిపిస్తుంది. ఆ మాట రాయకపోతే ఆ మనిషి పోయినట్టే.

జుఫైర్‌లోని నా ప్రతిలో బాగా నలిగినవి గుడ్డు వంటల పుటలు. కారణం మామూలుదే. పిల్లల చదువు కోసం నా భార్య హైదరాబాదులో ఉండవలసి వచ్చిన రెండేళ్లు ఉదయపు వంట నా వంతైంది. ఆసుపత్రి డ్యూటీల మధ్య ఇడ్లీపిండి రుబ్బి పులియబెట్టటం నా వల్ల అయ్యే పని కాదు. గుడ్డుకైతే పది నిమిషాలు చాలు.

రోడెన్ పుస్తకంలో 'ఎగ్గా' అనే వంట ఉంది. ఇంగ్లీషు 'ఎగ్'తో దానికి ఏ సంబంధమూ లేదు, అరబ్బీ మాట కైరో ఉచ్చారణలో అలా పలుకుతుంది. (మన భాషలో ఎగ్గు అంటే కీడు. ఆ పోలికకు కూడా అర్థం వెతకనక్కరలేదు.) ఇది ఫ్రెంచివారి పల్చని ఆమ్లెట్ వంటిది కాదు. కూరగాయలో మాంసమో దట్టంగా కలిపి, మందంగా గట్టిపడేదాకా సన్న సెగ మీద ఉంచి, కేకులా ముక్కలు కోసుకునేది. వేడిగానూ తినవచ్చు, చల్లారాకా తినవచ్చు. ఇరానులో దీని తోబుట్టువు పేరు కూకూ. ఆకుకూరలతో చేసిన కూకూ వారి నౌరోజు పండుగ వంట. ఫార్సీలో 'ఖాగ్' అంటే గుడ్డు, దాని నుంచి వచ్చినదే ఖాగీనా. ఆ పేరు చదవగానే నేను ఆగిపోయాను. హైదరాబాదు పాతబస్తీ ఇళ్లలో ఉల్లిపాయలు విరివిగా వేయించి, పసుపూ కారమూ వేసి, గుడ్లు కొట్టి చేసేది కూడా ఖాగీనాయే. మా కృష్ణా జిల్లా ఇంట్లో దాదాపు అదే వంటకు పేరు కోడిగుడ్డు పొరటు. పొరటు మనదనీ, ఖాగీనా వారిదనీ అనుకుంటూ పెరిగినవాడిని. గరిటె తిప్పే తీరులో తప్ప నాకు ఈనాటికీ వాటిలో పెద్ద తేడా కనిపించదు.

బహ్రెయినీల ఉదయపు పళ్లెం మన పాఠకులకు ఒక్క విషయంలో వింతగా తోస్తుంది. బలాలీత్ అని ఒకటుంది. సేమియాను పంచదార, ఏలకులు, కుంకుమపువ్వు, పన్నీటితో తియ్యగా వండి దాని మీద ఆమ్లెట్ పరుస్తారు. సేమియా పాయసానికి ఆమ్లెట్ కప్పినట్టు ఊహించుకుంటే మనవాళ్లు ముఖం చిట్లిస్తారు. తిన్నవారు రెండోసారి పెట్టించుకుంటారు, ఉప్పూ తీపీ అంత చక్కగా కలుస్తాయి. టమాటాలో ఉడికిన గుడ్డు మనం ఎరిగినదే. మహ్యావా మాత్రం అందరికీ పడదు. దక్షిణ ఇరాను నుంచి వచ్చిన ఈ చేపల ఊటను వేడి రొట్టె మీద పూసి, పైన గుడ్డు వేసి కాలుస్తారు. ఆ వాసనను మొదటి పది నిమిషాలు ఓర్చుకోగలిగితే తరువాత భయం లేదు.

పిండిలో పొదిగిన వంటల చరిత్ర ఇంకా చిత్రమైనది. 1226లో అల్ బగ్దాదీ కూర్చిన వంటల గ్రంథంలో సంబూసజ్ ఉంది. మన సమోసాకు పూర్వీకురాలు అదే. పద్నాలుగో శతాబ్దంలో ఇబ్న్ బతూతా ఢిల్లీలో మహమ్మద్ బిన్ తుగ్లక్ విందులో కీమా, బాదం, పిస్తా కూరిన సమూసక్‌ను చూసి రాశాడు. ఆ బగ్దాదు గ్రంథాన్ని ఎ. జె. ఆర్బెర్రీ ఇంగ్లీషులోకి అనువదించారు. రోడెన్ ఎక్కువగా ఆధారపడిన అనువాదం అదే. అది 1939లో మొదట అచ్చయినది లండన్‌లోనో కైరోలోనో కాదు, హైదరాబాదులో. నిజాం పోషణలో 1927లో మార్మడ్యూక్ పిక్తాల్ సంపాదకుడుగా మొదలైన 'ఇస్లామిక్ కల్చర్' అనే త్రైమాసిక పత్రికలో. బగ్దాదు వంట హైదరాబాదు అచ్చుయంత్రం మీదుగా లండన్‌లోని ఒక కైరో యువతి చేతికి చేరిందన్నమాట. సంపాదకీయ కార్యాలయంలో ఆ ప్రూఫులు దిద్దినవారు సాయంత్రం టీతో లుఖ్మీ తిని ఉంటారని ఊహించుకోవటం నాకు సరదా. లుఖ్మీ హైదరాబాదు పెళ్లిళ్లలో ముందుగా వడ్డించే, కీమా పొదిగిన చదరపు మైదా పొర. అరబ్బీలో లుఖ్మా అంటే ముద్ద. బహ్రెయిన్‌లో పాకం పోసి ఇచ్చే లుఖైమాత్ అనే చిన్న ఉండలదీ అదే ధాతువు.

ఇక ఇంట్లో చేసుకునే టార్ట్ సంగతి. పేరు పరాయిదే గాని వెనకనున్న ఆలోచన మనకు కొత్త కాదు. గోదావరి జిల్లాల దిబ్బరొట్టెను గుర్తు చేసుకోండి. మినపపిండీ బియ్యపురవ్వా కలిపి మందపాటి గిన్నెలో పోసి, కింద కుంపటి, పైన మూత మీద నిప్పులు పెట్టి కాల్చేవారు. కింద కరకర, లోపల మెత్తన. ఓవెన్ చేసే పని కూడా రెండు వైపుల నుంచి సెగ ఇవ్వటమే.

200 గ్రాముల మైదాకు 100 గ్రాముల వెన్న, చిటికెడు ఉప్పు, మూడు నాలుగు చెంచాల మంచునీళ్లు. వెన్న చల్లగా, గట్టిగా ఉండాలి. పిండిలో వెన్న ముక్కలు ముక్కలుగానే మిగిలితేనే ఓవెన్‌లో అవి కరిగి, నీరు ఆవిరై, పొరలు విడివడతాయి. ముందే కరిగిపోతే వచ్చేది బిస్కట్టు. జుఫైర్ వేసవిలో వంటింట్లో వెన్న తనంత తానే జారిపోతుంది కనుక పిండి కలపటం తెల్లవారుజామున, ఏసీ గదిలో చేయవలసిన పని. పిండిని ఎక్కువ పిసకకూడదు, పిసికితే సాగుతుంది. ముద్దను అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, అప్పడంకంటె మందంగా వత్తి, పళ్లెంలో పరచి, మీద కాగితం వేసి ఎండుశనగలు పోసి పావుగంట కాల్చాలి. శనగల బరువు లేకపోతే అడుగు పూరీలా పొంగుతుంది. తరువాత మూడు గుడ్లు, ఒక గ్లాసు పాలూ మీగడా, వేయించిన ఉల్లిపాయ, నీరు పిండిన పాలకూర, మిరియాలపొడి. 180 డిగ్రీల్లో అరగంట. నడిమి భాగం ఇంకా కొద్దిగా వణుకుతుండగానే తీసేయాలి, చల్లారేలోగా అదే బిగుసుకుంటుంది. ఎక్కువసేపు ఉంచితే గుడ్డు విరిగి నీరు ఊరుతుంది. గోంగూర వద్దు. దాని పులుపు పాలను విరుస్తుంది, పైగా గోంగూరకు ఎవరి తోడూ అక్కరలేదు.

వైద్యుణ్ని గనుక గుడ్డు గురించి నన్ను అడగనివారు లేరు. 1968లో, అంటే రోడెన్ పుస్తకం వచ్చిన ఏడాదే, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వారానికి మూడు పచ్చసొనలు మించరాదని చెప్పింది. మా తరం వైద్యులందరం ఆ నీడలోనే చదువుకున్నాం. 2015 నాటి అమెరికా ఆహార మార్గదర్శకాల్లో రోజుకు 300 మిల్లీగ్రాముల కొలెస్టరాల్ అనే పరిమితి కనిపించకుండా పోయింది. మధుమేహం ఉన్నవారి లెక్క, రక్తంలో కొవ్వు బాగా ఎక్కువున్నవారి లెక్క వేరు. వారు తమ వైద్యుణ్ని అడగాలి. మామూలు ఆరోగ్యం ఉన్న మనిషికి రోజుకొక గుడ్డు హాని చేస్తుందనటానికి ఆధారం బలంగా లేదు. మన బేకరీ ఎగ్ పఫ్ విషయంలో కూడా నాకు గుడ్డు మీద అనుమానం లేదు, దాని చుట్టూ ఉన్న పొరల మీదనే. ఆ పొరలను విడదీసినది ఏళ్ల తరబడి వనస్పతి, అందులోని ట్రాన్స్ కొవ్వు. భారతదేశంలో దానికి 2 శాతం పరిమితి 2022లో గాని అమలులోకి రాలేదు. చదువుకునే రోజుల్లో క్యాంటీన్‌లో తిన్న ఆ పఫ్ రుచిని నిందించే మనసు నాకు లేదు. నా రోగులకు మాత్రం అది తినమని చెప్పను.

ఆ రోగుల్లో మనవాళ్లు చాలామంది. ముఖ్యంగా ఉత్తర తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి, ఒక గదిలో ఆరుగురో ఎనిమిది మందో కలిసి ఉండేవారు. వేసవిలో ఇక్కడ మధ్యాహ్నం 12 నుంచి 4 వరకు ఎండలో పని నిషేధం గనుక చీకటితోనే బస్సెక్కుతారు. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక మేస్త్రీకి చక్కెర ఎంతకూ అదుపులోకి రావటం లేదు. ఉదయం ఏమి తింటున్నారని అడిగాను.

"పొద్దుగాల తినుడెక్కడిది సార్, చాయ్ తాగి బస్సెక్కుడే" అన్నాడు. చాయ్ అంటే ఇక్కడి కరక్. చిక్కటి పాలూ, చేయి జారిన పంచదారా. పదింటికి ఆకలి వేస్తే మైదా పరోటా, దానితో మరొక చాయ్.

మధుమేహానికి నేను రాసే మందుల్లో సగం ఆ రెండు కరక్‌లతో కొట్లాడటానికే సరిపోతున్నాయి. అటువంటివారికి ఓట్లు తినండి, పళ్లు తినండి అని చెప్పటం నాకు సిగ్గుగా ఉంటుంది. గుడ్డు ఒక్కటే నోరు తెరిచి చెప్పగలిగినది. చవక, ఆరు గ్రాముల మాంసకృత్తులు, ఒక్క పెనం చాలు. భారతదేశంలో గుడ్డు ఇంత చవకగా ఇంటింటికీ చేరటం వెనక తెలుగువాడైన బండా వాసుదేవరావు కృషి ఉంది. 1971లో వెంకటేశ్వర హేచరీస్, 1982లో కోళ్ల రైతులే ధర నిర్ణయించుకునే నెక్ ఆయన చొరవతో వచ్చినవే. ఆయన మీద మంచి జీవితచరిత్ర ఎవరైనా రాస్తే చదవాలని ఉంది.

చదవాలని ఉన్న పుస్తకం మరొకటి ఉంది. మాలతీ చందూర్ గారు ఒక చేత్తో 'వంటలు–పిండివంటలు', మరో చేత్తో 'పాత కెరటాలు' రాశారు. కొత్త కాపురాలు పెట్టుకున్న ఎన్ని ఇళ్లకో మొదటిది వెళ్లింది. మా తరానికి విదేశీ నవలల రుచి చూపినది రెండవది. ఆ రెండు చేతులూ కలిసి రాసిన పుస్తకం ఒకటి, అంటే వలస వెళ్లిన తెలుగువారు ఏ ఊళ్లో ఏమి వండుకున్నారో మనిషి పేరుతో సహా చెప్పే పుస్తకం, నా అలమరలో లేదు. మలేషియా తోటలకు వెళ్లినవారు, బర్మా నుంచి నడిచి తిరిగి వచ్చినవారు, గల్ఫ్ గదుల్లో వంతులవారీగా వండుకునేవారు, వీరందరి వంటలూ నోటిమాటగానే ఉన్నాయి. కైరోవారికి 1956లో ఒక తొందర వచ్చింది. మన తొందర అంతకంటె నిదానమైనది కనుక ఎవరికీ కనిపించటం లేదు. ఒప్పందం ముగిసి ఒక్కొక్కరే ఇంటికి వెళ్లిపోతారు, గది ఖాళీ అవుతుంది, ఆ గది వంట అక్కడితో సరి.

మేస్త్రీ మూడు నెలల తరువాత వచ్చాడు. చక్కెర కొంత దిగింది. ఏమి చేస్తున్నారంటే చెప్పాడు, నేను మందుల చీటీ వెనక రాసుకున్నాను. రాత్రి మిగిలిన ఖుబూస్‌ను ఒకటి, నూనె రాసిన పెనం అడుగున పరవాలి. ముందే వేయించి పెట్టుకున్న ఉల్లిపాయ, పచ్చిమిర్చి దాని మీద చల్లాలి. ఇద్దరికి మూడు గుడ్లు, ఉప్పు వేసి గిలకొట్టి పోయాలి. అంచు దాటి కారకుండా ఖుబూస్‌ను వేలితో కొంచెం పైకి మడవాలి. మూత పెట్టి సన్న మంట. తిరగేయకూడదు. "పండుమిర్చి తొక్కు ఉంటే ఇంక మంచిగుంటది సార్, కాని ఇంటికాన్నించి వచ్చింది అయిపోయింది."