చెరుకు సీమలో మురుగు దారి

నిజామాబాద్ బస్టాండులో బోధన్ బస్సెక్కి కిటికీ పక్కన సీటు పట్టుకుంటే, టికెట్టు తీసుకునే లోపే ఒక సంగతి తెలిసిపోతుంది. ఊరి నీళ్లు ఎటు పోతున్నాయో ముక్కే చెబుతుంది! రోడ్డు పక్కన నల్లటి కాల్వ... అందులో తేలుతున్న పాలిథిన్ కవర్లు... ఆ కాల్వ గట్టు మీద మాత్రం మల్లెపూలు ఆరబోసినట్టు తెల్లటి కొంగలు. లెక్కపెడదామనుకునే సరికి బస్సు కదిలిపోయింది.

"ఇంత కంపుల ఏం దొరుకుతదని వచ్చినయో" అంది పక్క సీట్లోని పెద్దమ్మ, ముక్కుకు చీర చెంగు అడ్డం పెట్టుకుని. కాసేపాగి మళ్లీ తనే, "మన ఇండ్లల్లకెల్లి పోయిందే కద బిడ్డా, ఇంకేడికి పోతది?" అంది.

ఎక్కడికి పోతుంది? ఆ ప్రశ్న వెంటేసుకునే ఈ ప్రయాణమంతా సాగింది. చూడబోయింది అలీసాగర్, శక్కర్‌నగర్, కందకుర్తి. చూసింది మాత్రం నీళ్ల వెంబడి నడిచే ఒక తగాదా. దానికి ఒక పక్క మూడు లక్షల మంది మనుషులున్నారు. ఇంకో పక్క నోరులేని కొంగలు, చేపలు, జింకలు.

ఇందూరు లెక్క

నిజామాబాద్ పాత పేరు ఇందూరు. ఖిల్లా గుట్ట మీద రఘునాథాలయం, గుట్ట కింద రఘునాథ చెరువు. పాతకాలం వాళ్లు ఊరు కట్టేటప్పుడు ముందు చెరువు ఎక్కడో చూసుకునేవారు. ఇళ్లు పైన, నీళ్లు కింద. అప్పట్లో అది తెలివైన పనే. ఊరు పెరిగాక అదే ఇబ్బంది అయింది. ఎందుకంటే ఇంట్లోంచి బయటపడిన నీళ్లూ కిందికే పోతాయి కదా!

చిన్న లెక్క వేద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం పట్టణంలో ఉన్నది 3 లక్షల 10 వేల మందికి పైగా. ఇంజినీర్లు మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు కావాలని లెక్కగడతారు. అందులో నూటికి 80 వంతులు మురుగై బయటికి వస్తుందంటారు. గుణిస్తే రోజుకు 3 కోట్ల 30 లక్షల లీటర్లు దాటుతుంది. పది వేల లీటర్ల ట్యాంకర్లయితే 3,300! ఒకదాని వెనక ఒకటి నిలబెడితే ఆ వరస నిజామాబాద్‌లో మొదలై బోధన్ దగ్గర కూడా ఆగదేమో. ఇదంతా రోజూ ఉండే లెక్కే. పండగ లేదు, ఆదివారం లేదు.

ఈ నీళ్లు ఫులాంగ్ వాగూ, చిన్నాచితకా కాల్వలూ పట్టుకుని చివరికి గోదావరి దిక్కుకే పోవాలి. నేల వాలు అటే. రెండువేల దశకంలో మొదలైన భూగర్భ డ్రైనేజీ పనులు ఏళ్ల తరబడి సాగిన సంగతి, తవ్విన రోడ్ల మీద బండి నడిపిన ప్రతి ఇందూరు వాసికీ తెలిసిందే. అయితే ఒక్క ఇందూరును అని లాభం లేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో చెప్పిన లెక్క చూడండి. దేశంలోని పట్టణాల్లో రోజుకు పుట్టే మురుగు 7,236 కోట్ల లీటర్లు, శుద్ధయ్యేది 2,023 కోట్ల లీటర్లు. అంటే నూటికి 28! మిగిలిన 72 వంతులూ మన పెద్దమ్మ అన్నట్టు ఎక్కడికో పోతూనే ఉన్నాయి.

అలీసాగర్ గట్టు మీద

బోధన్ రోడ్డు మీంచి కాస్త పక్కకు తిరిగితే అలీసాగర్. 1931లో కట్టిన జలాశయం. గుట్టలు, తోట, వేసవి విడిది, జింకల పార్కు... ఆదివారం వస్తే టిఫిన్ డబ్బాలతో కుటుంబాలు కనబడతాయి. ఇందూరుకు తాగునీరిచ్చిన చెరువుల్లో ఇదొకటి. అదే ఏడాది పూర్తయిన నిజాంసాగర్ ఈ ప్రాంతానికి పెద్ద దిక్కు. మంజీర మీద నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఆధ్వర్యంలో కట్టిన ఆ ప్రాజెక్టు కింద 2 లక్షల 75 వేల ఎకరాల ఆయకట్టు. చెరుకు పెరిగిందన్నా, ఫ్యాక్టరీ వచ్చిందన్నా అంతా ఆ నీళ్ల చలవే. (2016లో జిల్లాలు విడగొట్టాక నిజాంసాగర్ కామారెడ్డి జిల్లాకు పోయింది. ఇందూరు పాతవాళ్ల నోట మాత్రం ఇంకా "మన నిజాంసాగర్" అనే వస్తుంది!)

కట్ట మీద కూర్చుంటే ఎదురుగా నీళ్లలో నీటికాకులు మునిగి లేస్తున్నాయి. ఊరి కాల్వ మీద కనిపించని పిట్ట ఇది. కారణం తెలుసుకోవాలంటే నీళ్లలోకి తొంగిచూడాలి. నీటికాకి మునిగి చేపను పట్టాలి, చేప బతకాలంటే నీటిలో కరిగిన ప్రాణవాయువు లీటరుకు నాలుగైదు మిల్లీగ్రాములన్నా ఉండాలి. మురుగు కలిస్తే దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ముందుగా ఆ ప్రాణవాయువును తాగేస్తాయి. బొచ్చె, రవ్వ లాంటి చేపలు ఊపిరాడక పోతాయి. మిగిలేవి పైకొచ్చి గాలి పీల్చుకోగల మార్పులూ, కొర్రమీనులూ. కొంగలకు ఆ బాధ లేదు. పురుగులు దొరికితే చాలు, ఎర్రటి పొడవాటి కాళ్ల ఉల్లంకులూ అంతే. అందుకే మురుగు కాల్వ మీద పిట్టలు ఎక్కువ కనిపిస్తాయి, వాటిలో రకాలు తక్కువ. బస్సు కిటికీలోంచి చూసి మురిసిపోయిన ఆ మల్లెపూల గుంపు నిజానికి శుభవార్త కాదన్నమాట!

చక్కెర వెనక నల్ల నీళ్లు

జానకంపేట వస్తే అష్టముఖి కోనేరు చూడకుండా రావద్దు. అటుపక్కనే అశోక్‌సాగర్. జానకంపేట దాటి ఎడపల్లి మీదుగా వెళితే శక్కర్‌నగర్. పేరులోనే చక్కెర. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది. గేటు ముందు నిలబడితే గొట్టాలు, చెట్లు, నిశ్శబ్దం.

గేటుకు ఎదురుగా టీ కొట్టు దగ్గర కలిసిన ఓ రిటైర్డు కార్మికుడు "సీజనొస్తే ఊరంత బెల్లం పాకం వాసనొచ్చేది సారూ" అన్నాడు. "ఎడ్లబండ్లు రోడ్డు పొడుగూత లైను కట్టేటియి. పోరగాండ్లు ఎనకకెల్లి గడలు గుంజుకొని ఉరికేటోళ్లు." ఆయన మొహంలో ఆ తీపి ఇంకా ఉంది. మరి నీళ్లో అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

ఏ చక్కెర మిల్లుకైనా ఆ వెనక కథ ఒకటి ఉంటుంది. చెరుకులో ముప్పాతిక వంతు దాకా నీరే. మిల్లు కడిగిన నీళ్లు, యంత్రాలను చల్లార్చిన నీళ్లు, ఒలికిన రసం అన్నీ కలిసి బయటికి వస్తాయి. అంతవరకూ ఫర్వాలేదు, శుద్ధి చేయొచ్చు. అసలు చిక్కు మొలాసిస్ నుంచి సారా తీసే డిస్టిలరీలతో. ఒక లీటరు స్పిరిట్ తీస్తే ఎనిమిది నుంచి పదిహేను లీటర్ల కాఫీ రంగు వ్యర్థజలం మిగులుతుంది. ఊరి మురుగు ఒక లీటరు కుళ్లడానికి రెండు మూడు వందల మిల్లీగ్రాముల ప్రాణవాయువు కావాల్సి వస్తే, దీనికి నలభై, యాభై వేల మిల్లీగ్రాములు! ఒక్క బిందెడు ఇది వంద బిందెల మురుగుకు పైమాటే. డిస్టిలరీలు ఒక్క చుక్క కూడా బయటికి వదలరాదని నియమం పెట్టింది అందుకే.

ఫ్యాక్టరీ ఆగింది కాబట్టి వాగుల్లోకి ఆ నీళ్లొచ్చే భయం పోయింది. దాంతోపాటే జీతాలూ, చెరుకు బిల్లులూ పోయాయి. చెరుకు పొలాలు వరి మళ్లయ్యాయి. 2024లో ప్రభుత్వం నిజాం షుగర్స్ పునరుద్ధరణకు కమిటీ వేసింది. ఫ్యాక్టరీ తెరవాలనే బోధన్‌లో అందరి మాటా. నాకూ అంతే. కానీ ఇవాళ చక్కెర మిల్లు అంటే పక్కన ఇథనాల్ కూడా ఉండాలంటారు. గోదావరికి అవతల నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ 2024 నవంబరులో జనం రోడ్డెక్కితే పనులు ఆగాయి. నది ఇటు ఒడ్డున ఫ్యాక్టరీ కావాలని, అటు ఒడ్డున వద్దని... మధ్యలో నీళ్లు మాత్రం ఒకటే!

పల్లం ఎవరిది?

మురుగును శుద్ధి చేయాలనడంలో ఎవరికీ రెండో మాట లేదు. దోమలతో, బురదతో కాపురం చేసే వాడల్లోకి వెళ్లి, కొంగల కోసం ఈ కాల్వను ఇలాగే ఉంచుదామంటే చీపురు తిరగేస్తారు. న్యాయమే. పేచీ అంతా ఎక్కడ శుద్ధి చేయాలన్న దగ్గరే వస్తుంది.

నీరు దానంతటదే పారాలంటే ప్లాంటు ఊరికి పల్లంలో ఉండాలి. మోటార్లు పెట్టి ఎత్తుకు తోడితే కరెంటు బిల్లు వాచిపోతుంది. పల్లంలో ఉండేది ఏమిటి? చెరువు, చెరువు శిఖం, వాగు ఒడ్డు, జమ్ము పెరిగిన తడి నేల. కాగితాల మీద అది ఖాళీ స్థలం. పిట్టకు మాత్రం అది గూడు, చేపకు గుడ్లు పెట్టే చోటు. మడుగులు తవ్వి ఎండకూ గాలికీ మురుగును వదిలే పద్ధతికి ఖర్చు తక్కువ, భూమి మాత్రం బాగా కావాలి. యంత్రాలతో చేస్తే భూమి తక్కువ పడుతుంది, కానీ బిల్లు కట్టలేక ప్లాంటు పడుకుంటే మళ్లీ అదే మురుగు!

ఇంకో చోటికి పంపేస్తే? ఆ ప్రయోగమూ చూశాం. పటాన్‌చెరు ఫ్యాక్టరీల వ్యర్థజలాలు నక్కవాగు గుండా మంజీరలో కలుస్తున్నాయని పెద్ద పోరాటమే నడిచింది. సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చివరికి 18 కిలోమీటర్ల పైపు వేసి శుద్ధి చేసిన నీళ్లను అంబర్‌పేట వైపు, అంటే మూసీ దిక్కుకు మళ్లించారు. ఆ మంజీరే కిందికొచ్చి నిజాంసాగర్ నింపుతుంది కాబట్టి, బోధన్ రైతుకు అది ఊరటే. మూసీ కింద సాగు చేసుకునే నల్గొండ రైతును అడిగితే ఏమంటాడో మరి! 2018లో కేంద్ర మండలి దేశంలో 351 కలుషిత నదీ భాగాలను గుర్తించింది. తెలంగాణవి అందులో ఎనిమిది. మూసీ, మంజీర, నక్కవాగు, గోదావరి... నాలుగూ ఆ జాబితాలోనే ఉన్నాయి.

పిట్టకూ మురుగుకూ రాజీ కుదిరిన చోట్లు లేకపోలేదు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ పక్కన వెరిబీ అనే చోట 1890ల నుంచి నగరం మురుగును విశాలమైన మడుగుల్లో శుద్ధి చేస్తున్నారు. ఆ మడుగులు ఇవాళ రామ్‌సర్ గుర్తింపు ఉన్న చిత్తడి నేలలో భాగం. పిట్టల్ని చూడటానికి అనుమతి తీసుకుని మరీ వెళతారు. మనకు దగ్గర్లో కోల్‌కతాకు తూర్పున 12,500 హెక్టార్లలో నగరం మురుగుతోనే చేపలు పెంచుతారు. దానికీ 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. రెండు చోట్లా కిటుకు ఒకటే... మడుగుల కోసం బోలెడంత భూమిని ముట్టుకోకుండా వదిలేశారు. గజం ధర చూసుకుని నిద్రపోయే మన ఊళ్లలో ఆ మాట అనడానికే ధైర్యం కావాలి. నా మట్టుకు నాకు, కొత్త ప్లాంటు చెరువు శిఖంలో కాక బీడు మీద కట్టి, శుద్ధయిన నీళ్లు చివరగా పారే ఒకటి రెండు మడుగుల్ని జమ్ముకూ పిట్టలకూ వదిలితే చాలనిపిస్తుంది. కరెంటు బిల్లు కొంచెం పెరుగుతుంది. పెరగనీ!

కందకుర్తి నుంచి నందిపేట దాకా

బోధన్ నుంచి రెంజల్ మీదుగా కందకుర్తి. గోదావరిలో మంజీర, హరిద్ర కలిసే త్రివేణి సంగమం. అవతల గట్టు మహారాష్ట్ర. ఇక్కడ కలిసిన నీళ్లు కింద బాసరలో భక్తుల స్నానాలు చేయించి శ్రీరాంసాగర్‌లోకి చేరతాయి. పైన ఊళ్లు వదిలిన ప్రతిదీ అక్కడ జమే. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టులో 112 టీఎంసీలు పట్టాల్సింది, పూడికతో 80కి అటూ ఇటూ అయింది.

కానీ ఈ ప్రయాణంలో కడుపు నిండిన చోటు అదే. నందిపేట మండలం వైపు వెనకనీళ్ల దగ్గరికి వెళ్లండి. వానాకాలం అది సముద్రం. ఎండలు ముదిరే కొద్దీ నీళ్లు వెనక్కి జరిగి, బయటపడిన ఒండ్రు నేల మీద గడ్డి మొలుస్తుంది. ఆ గడ్డి కోసం కృష్ణజింకలు గుంపులుగా దిగుతాయి. చలికాలమైతే ఉత్తరాది నుంచి వచ్చిన బాతులు, ఎర్రకాళ్ల కొంగలు. అదే గడ్డి నేల మీద పక్క ఊళ్ల రైతులకూ ఆశే... నీళ్లు జరిగిన చోటల్లా నాగలి దిగుతుంది. జింక ఒకవైపు నుంచి, ట్రాక్టరు ఒకవైపు నుంచి.

సాయంత్రం వల సర్దుకుంటున్న ఓ జాలరిని అడిగాను, చేపలు ఎలా ఉన్నాయన్నా అని. "పెద్ద వరదొచ్చిన ఏడు మంచిగుంటయి. ఎండకాలం ఒక్కోపాలి నీళ్లు పచ్చగైతయి, వాసనొస్తయి. గప్పుడు పట్టము" అన్నాడు. "మీరు ఏడికెల్లి?" అని అడిగాడు. నిజామాబాద్ నుంచి అన్నాను. "ఓహో... నీళ్లు పంపేటోళ్లా!" అని నవ్వి, తట్ట నెత్తికెత్తుకుని గట్టెక్కాడు. దూరంగా గడ్డిలో రెండు నల్లటి కొమ్ములు ఒకసారి పైకి లేచి, మళ్లీ కిందికి వంగాయి.