మేనల్లుడి బయోడేటా

డిగ్రీ ముగించి ఇంటిదగ్గర ఉన్న పిల్లలు మన సంఘములలో చాలామంది ఉన్నారు. వారి కొరకు ఆదివారము ప్రార్థన చేస్తాము, ఫీజులు కడతాము, పట్నము బస్సు ఎక్కిస్తాము. అయితే ఉద్యోగమిచ్చేవారి చేతికి మొదట చేరే ఆ ఒక్క కాగితమును మన ఇండ్లలో ఎవరమూ చదవము. అదే బయోడేటా. ఇప్పటి పిల్లలు రెజ్యూమె అంటున్నారు. ఇంగ్లీషులో ఉంటుంది గదా, మనకేమి తెలుసు అనుకుంటాము. మా చెల్లెలి కొడుకు కాగితము ముందు పెట్టుకొని నేను 2025 ఎండాకాలములో నాలుగు ఆదివారములు కూర్చున్నాను. అప్పుడు గమనించిన సంగతులు జుక్కల్, మద్నూర్, బిచ్కుంద, పిట్లం వైపు కుటుంబములకు పనికివస్తాయని ఇది రాస్తున్నాను.

అబ్బాయి కోరుకున్నది ఐ.టి. సపోర్టు ఉద్యోగము. ఇది ప్రోగ్రాములు రాసే పని కాదు. ఒక కంపెనీలోగాని, ఆసుపత్రిలోగాని, బ్యాంకులోగాని కంప్యూటరు మొరాయిస్తే అక్కడివారు ఒక నంబరుకు ఫోను చేస్తారు. ఆ ఫోను ఎత్తేవాడే ఈ ఉద్యోగి. వచ్చిన ప్రతి ఫిర్యాదుకు ఒక నంబరు వేస్తాడు. దానిని టికెట్ అంటారు. ఎవరు చేశారు, ఏమైంది, ఎంత తొందర, ఇవన్నీ అందులో రాస్తాడు. మరచిపోయిన పాస్‌వర్డు, కదలని ప్రింటరు, రాని ఇంటర్నెట్ వంటివి తానే సరిచేస్తాడు. తన వల్ల కానిది పై మెట్టువారికి పంపుతాడు. పంపేటప్పుడు తాను అప్పటికే ఏమేమి చేసి చూశాడో రాసి పంపాలి. లేకపోతే వారు మళ్ళీ మొదటి నుండి మొదలుపెట్టవలసి వస్తుంది.

నేను బ్యాంకులో ముప్పై ఏండ్లు గుమాస్తాగా పనిచేశాను. ఫోనుకు ఈవలి వైపు నుండి ఈ పని నాకు బాగా తెలుసు. కౌంటరు ముందు ఇరవైమంది రైతులు నిలబడి ఉండగా కంప్యూటరు ఆగిపోతే, అవతల ఫోను ఎత్తినవాడి చదువు ఎంతో మేము అడగలేదు. వాడు మన మాట వింటాడా, విసుక్కోకుండా ఒకటి తర్వాత ఒకటి చెబుతాడా అన్నదే మాకు కావలసినది.

ఇక అబ్బాయి కాగితము సంగతి. రెండు పేజీలు. మొదట పాస్‌పోర్టు ఫోటో. దాని కింద ‘సవాళ్ళతో కూడిన సంస్థలో నా నైపుణ్యములను వినియోగించి సంస్థ అభివృద్ధికి తోడ్పడుట’ అనే అర్థము వచ్చే ఒక పొడుగు వాక్యము. ఈ వాక్యము లేని బయోడేటా నేను ఇంతవరకు చూడలేదు. దాని తర్వాత తండ్రి పేరు, మతము, పెండ్లి కాలేదన్న సంగతి, క్రికెట్టు, పాటలు వినుట. తెలిసిన విషయముల పట్టీలో విండోస్ ఎక్స్‌పీ అని ఉంది. మైక్రోసాఫ్ట్ దానికి మద్దతు ఆపివేసినది 2014లో. ఎవరో సీనియర్ కాగితము నుండి ఎక్కించాడన్నమాట. చివర, పైన రాసినదంతా నిజమని ఒక ప్రమాణము. నడిమధ్యలో ‘అనుభవము’ అన్నచోట ఒక్క మాట: లేదు.

ఈ కాగితము అరవై చోట్లకు పంపాడు. ఒక్కరూ పిలవలేదు.

“మరి మీ సేవలో రెండేండ్లు కూసున్నవు గదరా, అదెక్కడ?” అని అడిగాను.

“అది ఉద్యోగమా మామా? చేతి ఖర్చులకు పోయిన,” అన్నాడు.

బి.కాం. కంప్యూటర్స్ 2022లో పూర్తిచేసి, ఆ ఏడే బిచ్కుందలో ఒక మీ సేవ కేంద్రములో చేరాడు. రెండేండ్లు చేశాడు. ఆ రెండేండ్లలో నువ్వు చేసిన పని చెప్పు, నేను రాసుకుంటాను అన్నాను. మొదట ఏమీ లేదన్నాడు. పొద్దున తాళము తీసిన దగ్గర నుండి చెప్పు అని కూర్చోబెట్టితే రెండు ఆదివారములు పట్టింది.

ఆ ఏడు పి.ఎం. కిసాన్ డబ్బుల కొరకు రైతులందరూ ఈ-కేవైసీ చేయించుకోవలసి వచ్చింది. వేలిముద్ర పెట్టాలి. పత్తి ఏరి, కలుపు తీసి అరిగిపోయిన వేళ్ళను యంత్రము గుర్తుపట్టదు. ఇతడు ముందు యంత్రము అద్దమును గుడ్డతో తుడిచేవాడు. తర్వాత పెద్దమనిషి చేతులు సబ్బుతో కడిగించి, ఆరబెట్టించి, ఒక వేలు కాకుంటే ఇంకొక వేలు పెట్టించేవాడు. అప్పటికీ కాకుంటే వైరు తీసి మళ్ళీ పెట్టి చూసేవాడు. చివరకు, ఆధార్‌కు ఫోను నంబరు కలిసి ఉంటే ఓటీపీ దారిలో పని ముగించేవాడు. అంతకూ పడనివారి పేరు ఒక నోటుబుక్కులో రాసి, ఎందుకు పడలేదో పక్కన రాసి, ఆధార్ కేంద్రమునకు పంపేవాడు.

నేను కలము ఆపి, “ఇదేరా టికెట్ అంటే,” అన్నాను.

అబ్బాయి నవ్వాడుగాని, ఆ తర్వాత తనంతట తానే చెప్పసాగాడు. జూన్ నెలలో కులము, ఆదాయము సర్టిఫికెట్ల కొరకు పిల్లలు బారులు తీరితే ప్రింటరులో కాగితము ఇరుక్కోవడము. కరెంటు పోయివస్తే కంప్యూటరు లేవకపోవడము. నెట్ కేబులు కొనను ఎలుక కొరికితే కొత్త కొన బిగించడము. కొత్తగా చేరిన అమ్మాయికి పని నేర్పడము. ఇవన్నీ సపోర్టు పనులే.

వాటిని కాగితము మీద పెట్టేటప్పుడు ఒక నియమము పెట్టుకున్నాము: ఏమి చేశాడో రాయాలి, ఎట్లాంటివాడో రాయకూడదు. ‘కష్టపడేవాడను, సహనము గలవాడను’ అని ఎవరైనా రాసుకోవచ్చు. ‘మూడు కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు, ఒక వేలిముద్ర యంత్రము రెండేండ్లు నడిపించాను, చిన్న మరమ్మతులు నేనే చేశాను’ అని ఆ పని చేసినవాడే రాయగలడు. రోజుకు ఎంతమందికి పనిచేశావు అంటే అరవై అన్నాడు. కేంద్రము యజమానికి ఫోను చేసి రిజిస్టరు చూడమన్నాము. సగటు ముప్పై అయిదు వచ్చింది. ముప్పై అయిదే రాశాము. ఇంటర్వ్యూలో ఎవరైనా తిప్పి అడిగితే ఆ సంఖ్య నిలబడుతుంది.

భాషల సంగతి మన ప్రాంతమువారు ప్రత్యేకముగా గమనించాలి. అబ్బాయి ‘తెలుగు, ఇంగ్లీషు’ అని రాసి ఊరుకున్నాడు. వాడికి మరాఠీ ధారాళముగా వస్తుంది, హిందీ వస్తుంది, కన్నడము అర్థమవుతుంది. మనకు ఇది వింతగా తోచదు. 1956 నవంబరులో రాష్ట్రముల పునర్విభజన జరిగేవరకు జుక్కల్, బిచ్కుంద సర్కిళ్ళు నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలోనివే. గీత మారినా సంతలూ, వియ్యములూ మారలేదు. ఇటు మహారాష్ట్ర, అటు కర్ణాటక. ఇంట్లో ఒక మాట, బజారులో ఒక మాట మనకు అలవాటే. కాని హైదరాబాదులో కూర్చొని మూడు రాష్ట్రముల శాఖలకు ఫోనులో జవాబు చెప్పే సంస్థకు ఇది చాలా విలువైన సంగతి. కంగారులో ఉన్న మనిషి తన భాషలోనే మాట్లాడతాడు. అందుచేత భాషలను కాగితము అడుగు నుండి తీసి పై భాగములోనికి తెచ్చాము.

మూడవ ఆదివారమునకు వేరొక చిక్కు వచ్చింది. హైదరాబాదులో ఒక శిక్షణ సంస్థవారు అబ్బాయికి ఫోను చేసి, నలభై వేలు కడితే ఒక కంపెనీలో రెండేండ్లు సపోర్టు ఇంజనీరుగా చేసినట్టు సర్టిఫికెట్, జీతము చీటీలు ఇస్తామన్నారు. మా చెల్లెలు సోయా అమ్మిన డబ్బులో మిగిలినది తీసి పెట్టింది. “అందరు గట్లనే పెట్టుకుంటున్నరంట అన్నా. మనోడు ఒక్కడే సక్కగుంటె ఎవరు పిలుస్తరు?” అంది. ఆమె మీద నాకు కోపము రాలేదు. మూడెకరముల చేను, పెండ్లికి ఎదిగిన కూతురు, ఏడాదిగా ఇంట్లో కూర్చున్న కొడుకు. ఆ మాట ఎక్కడి నుండి వచ్చిందో నాకు తెలుసు.

నాకు తెలిసినది చెప్పాను. ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ 2014 నుండి ఒక్కొక్క ఉద్యోగికి యూఏఎన్ అనే నంబరు ఇస్తున్నది. ఎక్కడ ఏ తేదీన చేరాడో, ఎప్పుడు మానాడో ఆ ఖాతాలో కనబడుతుంది. పెద్ద కంపెనీలు చేర్చుకునే ముందుగాని, చేరిన తర్వాతగాని విచారిస్తాయి. దొంగ కాగితము బయటపడితే చేరిన ఉద్యోగము కూడా పోతుంది.

అబ్బాయి మాత్రము నేను తలచని మాట అన్నాడు. “ఆ దొంగ రెండేండ్లు పెట్టాలంటే నా అసలు రెండేండ్లు తీసెయ్యాలె గద మామా. తారీకులు అవ్వే.”

నిజమే. ఒకే సంవత్సరములలో ఒక మనిషి రెండుచోట్ల ఉండలేడు. ఎన్నడూ చూడని ఒక ఆఫీసును కాగితము మీదికి ఎక్కించాలంటే, చేతులు కడిగించి వేలిముద్ర వేయించిన ఆ రైతులందరినీ కొట్టివేయాలి. మా చెల్లెలు ఆ డబ్బు తిరిగి పెట్టెలో పెట్టింది. అంత తేలికగా పెట్టలేదు. ఆ వారమంతా నాతో సరిగా మాట్లాడలేదు కూడా.

మిగిలినవి చిన్న పనులు. ఫోటో, మతము, తండ్రి పేరు, ప్రమాణము తీసివేసి ఒకే పేజీకి కుదించాము. పెద్ద సంస్థలలో మనిషి కంటే ముందు కంప్యూటరే చదివి వడపోస్తుందట. పెట్టెలు, రెండు వరుసల పట్టీలు దానికి సరిగా అర్థము కావు. అందుచేత సాదా అక్షరములు, ఒకే వరుస. సినిమా హీరో పేరుతో ఉన్న ఈమెయిలు మార్చి తన పేరుతో కొత్తది తెరిచాడు. ప్రకటనలో వారు అడిగిన మాటలు చదివి, తనకు నిజముగా వచ్చినవి ఉంటే వారి మాటలలోనే రాశాడు. రానివి రాయలేదు.

రానివి నేర్చుకోవడము మాత్రము మొదలుపెట్టాడు. కేంద్ర ప్రభుత్వము 2017లో ప్రారంభించిన స్వయం పోర్టల్‌లో పాఠములు ఉచితము. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీ, మైక్రోసాఫ్ట్ లర్న్ కూడా ప్రారంభ పాఠములను డబ్బు తీసుకోకుండా నేర్పుతాయి. రాత్రి భోజనమయ్యాక ఫోనులో పాఠము వినడము, పగలు మిత్రుని పాత కంప్యూటరులో విండోస్ కొత్తగా ఎక్కించి చూడడము. అలా నేర్చినవి రెండు నెలల తర్వాత కాగితములో ఇంకొక రెండు వరుసలయ్యాయి.

కొత్త కాగితము పంతొమ్మిది చోట్లకు వెళ్ళింది. నలుగురు పిలిచారు. ఒకచోట, “ఒకాయన ఇంటర్నెట్ రావడము లేదని ఫోను చేశాడు. ఏమి చేస్తావు?” అని అడిగారట. పక్కవారికి వస్తున్నదా అని ముందు అడుగుతాను, తర్వాత కేబులు, దాని దీపము చూడమంటాను, ఆ తర్వాత ఐ.పి. చిరునామా చదవమంటాను, అది 169.254తో మొదలైతే నెట్‌వర్కు దానికి చిరునామా ఇవ్వలేదని అర్థము అన్నాడు. అడిగినవారు తల ఊపి, మీ సేవలో వేలిముద్రల సంగతి చెప్పమన్నారట. పావుగంట దాని మీదనే మాట్లాడారు.

నవంబరులో చేరాడు. పెద్ద జీతము కాదు. పదహారు వేలు, అదీ ఏడాది ఒప్పందము మీద, వారము విడిచి వారము రాత్రి పని. గది అద్దె, తిండి పోగా ఇంటికి మూడు వేలు పంపుతున్నాడు. నాందేడ్, లాతూర్ వైపు నుండి ఫోనులు వస్తే పక్కవాళ్ళు ఇతనికే ఇస్తున్నారట.

ఈ సంగతి తెలిసి పిట్లం నుండి ఒక పిల్లవాడు మొన్న ఆరాధన తర్వాత తన కాగితము పట్టుకొని వచ్చాడు. మూడేండ్లుగా ఎరువుల దుకాణములో బిల్లుల కంప్యూటరు చూస్తున్నాడట. అతని కాగితములో కూడా అనుభవము దగ్గర ‘లేదు’ అనే ఉంది. పొద్దున దుకాణము తెరిచిన దగ్గర నుండి చెప్పమన్నాను.