నా నోటి సామెత



మా నాయనమ్మకు చదువు రాదు గాని, ప్రతి సంగతికి ఒక సామెత ఆమె నోట సిద్ధముగా నుండెడిది. నారాయణవలస సంతకు ఎడ్లను తోలుకొనిపోయి, ధర కుదరక తాతయ్య తిరిగి వచ్చిన రాత్రి, “బతికుంటే బలుసాకు తినొచ్చు” అని అన్నము వడ్డించెడిది. వంశము పేరు చెప్పి గొప్పలు పోవువారిని చూచి, “ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు” అని నవ్వెడిది. అన్నదమ్ములు నడుమ గోడ పెట్టుకొందుమన్నప్పుడు, “కలిసి ఉంటే కలదు సుఖం” అనెడిది. కోటబొమ్మాళిలో ఈ మాటలు వినని ఇల్లు లేదు. వీటితో నాలుగవది యొకటి ఆమె నుండి నాకు సంక్రమించినది. దానిని గూర్చియే ఈ వ్రాత.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరము దాటినది. ఉద్దానములో కొబ్బరి, జీడి చెట్లు వేళ్లతో సహా పడిపోయినవి. ఆ ఆదివారము మా గుడిలో కరెంటు లేదు; కీబోర్డు మూగపోయెను. పాట ఎత్తు పని ఏండ్ల తరబడి నాదే. తాళములు చేతనున్నవి గాని గొంతు పెగలలేదు. మా చెల్లెలి తోట అంతయు నేలకూలినదన్న కబురు ముందురోజే వచ్చినది.

అంతలో వెనుక వరుసనుండి ఒక కోడలు పిల్ల కీర్తన ఎత్తుకొనెను. ఆమె పుట్టిల్లు పర్లాకిమిడి వైపు. ఇంట ఒరియా మాట. పలుకులో ఆ యాస దొరలెను. నా పని ఇంకొకరు చేయుచున్నారన్న ఉడుకుబోతుతనమే కావచ్చును, “శ్రుతి మించి రాగాన పడిందిరా!” అంటిని. గుడి యంతయు నవ్వెను. ఆమె చరణము మధ్యలోనే ఆగిపోయెను.

నాయనమ్మ ఆ సామెతను తగవు హద్దు దాటినప్పుడు అనెడిది. ఒక మనిషి గొంతు మీద ఎన్నడును ప్రయోగింపలేదు.

అయిదేండ్లు గడచినవి. ఒకనాడు పాటలు ఏరుచుండగా ఆ కీర్తన క్రిందనున్న పేరు వద్ద నా వ్రేలు నిలిచెను: పురుషోత్తమ చౌదరి. 1803లో పర్లాకిమిడి ప్రాంతమున పుట్టి, 1833లో కటకమున బాప్తిస్మము పొంది, 1890 వరకు జీవించిన భక్తుడు. వారిది వంగదేశపు బ్రాహ్మణ కుటుంబము. బెంగాలీ ఇల్లు, ఒరియా పొరుగు, తెలుగు పాట! ఆ పర్లాకిమిడి 1936లో ఒరిస్సాలో కలిసినది గాని, పాట మాత్రము మన గుడులలోనే యున్నది. ఆ పిల్ల సీమనుండి వచ్చిన పాటను ఆ పిల్ల నోట విని వెక్కిరించితిని! నాలుకను నిప్పుతో పోల్చిన యాకోబు పత్రికను గుడిలో నేనే ఎన్నిమారులో చదివితిని.

మరునాడు వారి యింటికి పోయితిని. ఆమె అరుగు మీద బియ్యము చెరుగుచుండెను.

“అమ్మా, తుఫాను ఆదివారము నీ పాట మీద తప్పు మాటన్నాను. క్షమించు” అంటిని.

చేట ఆగెను. చాలసేపటికి, “నాకేమీ లేదు మాఁవయ్యా. మా పాప మాటకి కూడా నవ్వుతారని, దాన్ని పాటల పిల్లల్లో కూర్చోనివ్వలేదు” అనెను.

నాకు మాట రాలేదు. ఏ సామెతయు నోటికి రాలేదు.

ఆ పై ఆదివారము పాప ముందు వరుసకు వచ్చెను. తాళములు దాని చేతికిచ్చితిని. తల్లి వెనుకనే కూర్చుండెను. పెదవులు కదలినవి గాని, స్వరము నాకు వినబడలేదు.