లాబ్ తాళం

మా కాలేజీలో ఎలక్ట్రానిక్స్ లాబ్ వారానికి మూడు గంటలు. నలుగురికి ఒకే ఆసిలోస్కోపు. నాబ్‌లు తిప్పేది ఒకడు, మిగతా ముగ్గురం సీనియర్ల రికార్డు చూసి రీడింగులు దింపేసేవాళ్ళం. నాలుగున్నరకి తాళం. మార్కులు బాగానే వచ్చాయి. తెరమీద వేవ్‌ఫామ్‌ని కదలకుండా నిలబెట్టడం మాత్రం నాకు రాలేదు.

2014లో మనదేశం వాషింగ్టన్ అకార్డ్‌లో శాశ్వత సభ్యత్వం పొందింది. ఆ లెక్కన అక్రెడిటేషన్ కావాలంటే విద్యార్థికి ఏం చేతనయిందో కాలేజీ చూపించాలి. మొన్న వెళ్తే, చేతనవ్వాల్సిన వాటి జాబితా లాబ్ బయట గోడకి అద్దం ఫ్రేములో ఉంది. తాళం పాతదే.

ఒకడికి గంటలో పట్టుబడేది ఇంకొకడికి పది గంటలు పట్టొచ్చు. కొత్త బిల్డింగేం అక్కర్లేదు, రాత్రి ఎనిమిదిదాకా గది తెరిచుంచితే చాలన్నాను.

"సామాను పోతే?" అన్నారు మా లాబ్ సర్.

మా బ్యాచ్ అప్పుడు ఒక మల్టీమీటర్ పోతే ఆయన జీతంలోంచే కోశారు. నేనింకేం అనలేదు.