కదిలే ఇంటికి కాటా: కలే నుంచి బ్రెన్నర్ కనుమ దాకా

ఇంగ్లాండ్‌లోని డోవర్ రేవులో నావ ఎక్కిన వాహనం సుమారు గంటన్నరలో సముద్రం దాటి, ఫ్రాన్స్‌లోని కలే పట్టణంలో దిగుతుంది. వేసవి సెలవుల్లో ఆ నావల నుంచి దిగే కార్ల నడుమ ఎత్తైన తెల్లని వాహనాలు వరుసగా కనిపిస్తాయి. లోపల పడకలు, పొయ్యి, నీళ్ల తొట్టి, మరుగుదొడ్డి అన్నీ ఉంటాయి. వీటినే మోటార్‌హోమ్ అంటారు. బ్రిటన్‌లో స్థిరపడిన మన తెలుగు ముస్లిం కుటుంబాలకు ఈ తరహా ప్రయాణం అనేక విధాల అనుకూలం. సొంత వంట, వేళకు నమాజు, స్త్రీలకు తగిన ఏకాంతం మూడూ ఒకే కప్పు కింద లభిస్తాయి. అయితే ఈ సౌకర్యానికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు 3,500 కిలోలు.

బ్రిటన్‌లో 1997 జనవరి 1 నుంచి కారు పరీక్షలో ఉత్తీర్ణులైన వారి సాధారణ లైసెన్సు, ఈ తరహా డీజిల్ వాహనాల విషయంలో ఆ బరువు వరకే చెల్లుతుంది. అంతకుముందు ఉత్తీర్ణులైన వారికి 7,500 కిలోల వరకు అనుమతి ఉన్నా, డెబ్భై ఏళ్లు నిండిన తరువాత దానిని నిలుపుకోవాలంటే వైద్య పరీక్ష తప్పనిసరి. అందుకే కుటుంబాల కోసం తయారయ్యే మోటార్‌హోమ్‌లలో అధిక భాగం సరిగ్గా 3,500 కిలోల గరిష్ఠ బరువుతోనే రిజిస్టరు అవుతాయి. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఐదుగురికి సరిపోయే బండి కర్మాగారం నుంచి వచ్చేనాటికి 3,050 కిలోలు తూగిందనుకుందాం. ఐరోపా నిబంధనల ప్రకారం ఆ లెక్కలో 75 కిలోల డ్రైవరు, ట్యాంకులో 90 శాతం ఇంధనం కలిసే ఉంటాయి. ఇక మిగిలింది 450 కిలోలు. ఎండకు పందిరి, అదనపు బ్యాటరీ, సౌర ఫలకం, సైకిళ్ల స్టాండు వంటివి కలిపి 100 పోతే 350. భార్య, ముగ్గురు పిల్లలు కలిసి 180 అయితే మిగిలేది 170. తయారీదారు తన లెక్కలో నీటి తొట్టికి 20 లీటర్లే చూపి ఉండగా మనం 100 లీటర్లు నింపితే మరో 80 పెరిగి, మిగిలేది 90. నాలుగు సైకిళ్లకు 60 పోతే 30. ఇంకా బట్టలు, దుప్పట్లు, కుక్కరు, కుర్చీలు, బియ్యం మూట, ఆవకాయ జాడీ బండి ఎక్కనే లేదు! ఇంటివాళ్లు దుబారా చేయకుండానే బండి హద్దు దాటిపోతుంది.

అందుచేత ఊహించడం కంటే తూచడం మేలు. మన ఊళ్లలో ధాన్యం లారీలు ఎక్కే కాటా వంటి వేబ్రిడ్జిలు బ్రిటన్‌లోనూ ఉన్నాయి. బయలుదేరే ముందు, మనుషులు కూర్చుని, సామాను సర్దిన స్థితిలోనే బండిని తూచాలి. మొత్తం బరువుతో పాటు ముందు ఇరుసు, వెనుక ఇరుసు బరువులను విడివిడిగా చూడాలి. ప్రతి ఇరుసుకూ తనదైన పరిమితి ఉంటుంది. వెనుక చక్రాలకు చాలా వెనకగా వేలాడే సైకిళ్లు తమ బరువుకు మించి వెనుక ఇరుసును నొక్కుతాయి. తక్కెడలో ఒక పళ్లెం దిగితే రెండవది లేచినట్లు ముందు చక్రాలు తేలికపడి, స్టీరింగ్ పట్టు తగ్గుతుంది.

కలే నుంచి రేమ్స్ మీదుగా స్ట్రాస్‌బర్గ్ వరకు దారి చాలామేరకు చదునైనది. గోధుమ పొలాల మధ్య సాగే ఆ రహదారిలో అధిక బరువు డ్రైవరుకు అంతగా తెలియదు. హలాల్ దొరకదేమోనన్న భయంతో ఇంటి నుంచే మాంసం మోసుకుపోవాలనుకునేవారు ఒక విషయం గమనించాలి. 2021 నుంచి బ్రిటన్ ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకుపోరాదు. ఆ అవసరమూ లేదు. ఉత్తర ఆఫ్రికా, టర్కీ మూలాలున్న ముస్లిములు నివసించే ఫ్రాన్స్, జర్మనీ నగరాల్లో హలాల్ దుకాణాలు లభ్యమే. స్ట్రాస్‌బర్గ్‌లో ఇల్ నది ఒడ్డున 2012లో ప్రారంభమైన పెద్ద మస్జిద్ కూడా ఉంది. నీళ్ల సంగతీ అంతే. ఫ్రాన్స్‌లోని అనేక పట్టణాల్లో మోటార్‌హోమ్‌ల కోసం నీళ్లు పట్టుకునే, మురుగు వదిలే స్థలాలు ఏర్పాటు చేశారు. దారిలో వుజూకు, దాహానికి సరిపడా ఉంచుకొని, బస చేరాక నింపుకుంటే చాలు.

బండి గరిష్ఠ బరువును కాగితాల్లో పెంచి రిజిస్టరు చేయించుకునే మార్గం కొన్ని వాహనాలకు ఉంది. కానీ దానికీ మూల్యం చెల్లించాలి. 3,500 దాటితే పెద్ద లైసెన్సు కావాలి. ఫ్రాన్స్‌లో బండి చుట్టూ హెచ్చరిక స్టిక్కర్లు అతికించాలి. ఆస్ట్రియాలో సాధారణ టోలు స్టిక్కరు చెల్లదు. ప్రయాణించిన దూరాన్ని బట్టి రుసుము లెక్కించే పరికరాన్ని అద్దానికి అమర్చాలి. స్విట్జర్లాండ్‌లో భారీ వాహనాల పన్ను కట్టాలి. జర్మనీ ఆటోబాన్‌పై గంటకు 100 కిలోమీటర్లు మించరాదు.

జర్మనీ దాటి ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ చేరగానే కొండలు ఎదురవుతాయి. లోయకు 190 మీటర్ల ఎత్తున నిలిచిన యూరోపా వంతెన మీదుగా దారి 1,370 మీటర్ల ఎత్తులోని బ్రెన్నర్ కనుమకు ఎక్కుతుంది. అక్కడి నుంచి ఇటలీలోకి, 262 మీటర్ల ఎత్తున ఉన్న బోల్జానో వరకు దిగుతూనే పోవాలి. చదును దారిలో కనిపించని బరువు ఇక్కడ బయటపడుతుంది. ఎడతెగకుండా బ్రేకు నొక్కితే అది వేడెక్కి పట్టు కోల్పోతుంది. పరిమితి మించిన భారంతో టైర్లూ వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది. తక్కువ గేరులో, ఇంజను ఆపుదలతో దిగడమే క్షేమం. దారిలో పోలీసులు తూచి చూస్తే జరిమానాతో సరిపోదు. ఎక్కువైన సామాను దించేవరకు కదలనివ్వకపోవచ్చు. ప్రమాదం జరిగితే బీమా సంస్థ అభ్యంతరం చెప్పే అవకాశమూ ఉంది.

వీటన్నిటికంటే పెద్ద సంగతి మరొకటుంది. ఆ వాలులో మన ముందు నడిచే చిన్న కారులోనూ ఒక కుటుంబం ఉంటుంది. మన బండి ఎంత దూరంలో ఆగగలదన్న దానిపై వారి ప్రాణాలూ ఆధారపడి ఉంటాయి. కాబట్టి ప్రయాణానికి ముందురోజే తూచి, మించిన పక్షంలో మొదట నీళ్లు, తరువాత సైకిళ్లు, ఆపై దారిలో దొరికే సరుకులు తగ్గించండి. కాటా చీటీని లైసెన్సు, బీమా పత్రాలతో కలిపి ఉంచుకోండి. తిరుగు ప్రయాణంలో బహుమతులు, కొనుగోళ్లు చేరతాయి గనుక, వాటి కోసం కొంత చోటు వెళ్లేటప్పుడే మిగిల్చుకోండి.