కేరాఫ్ 56 ఏపీవో

ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాలకు సెలవు. వాటి ముందున్న ఫుట్‌పాతంతా పాత పుస్తకాలదే. నాంపల్లి స్టేషన్‌లో దిగి నడుచుకుంటూ వచ్చేసరికి గుట్టలు పరిచేశారు. పోటీ పరీక్షల గైడ్లు, అట్టలూడిన ఎన్‌సైక్లోపీడియాలు, మాస్కోలో అచ్చయిన లెక్కల పుస్తకాలు. నా పక్కన గొంతుక్కూర్చున్న పెద్దాయన రష్యన్ నిఘంటువొకటి తిరగేస్తూ, అమ్మేవాడితో కాక నాతో అన్నాడు:

"ఇసొంటిదే ఎనభైలల్ల ఈడనే కొన్న. రష్యా నుంచి వచ్చే స్పేర్ల పెట్టెల మీద ఏం రాసిండ్రో చదవాలె గద."

ఏం స్పేర్లు అన్నాను. "ఎంఐ-8వి. హెలికాప్టర్."

వైమానిక దళంలో ఫ్లైట్ ఇంజనీరుగా పనిచేసి వారెంట్ ఆఫీసరుగా రిటైరయ్యాడట. తన పాత కెప్టెన్ గ్రాండ్ హోటల్లో ఎదురుచూస్తున్నాడంటే నేనూ వెంటపడ్డాను. మాట్లాడటానికి ఇద్దరికీ అభ్యంతరం లేదు గానీ పేర్లు మాత్రం రాయొద్దన్నారు.

ఇలాంటివాళ్లు హైదరాబాదులో తారసపడటం వింతేమీ కాదు. హెలికాప్టర్ పైలట్లకు శిక్షణ ఇచ్చేది హకీంపేటలో. అటు దుండిగల్‌లో, ఇటు బేగంపేటలో వైమానిక దళ స్థావరాలు. ఉద్యోగంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ఊరికి వచ్చి, ఇక్కడే ఇల్లు కట్టుకున్నవాళ్లు కొల్లలు. అంతరిక్షానికి వెళ్లొచ్చిన రాకేశ్ శర్మ చదివిన సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు కూడా ఈ ఆబిడ్స్‌లోనిదే. ఆకాశం అనగానే మనకు ఆయన గుర్తొస్తాడు. చెట్ల చివర్లు రాసుకుంటూ ఎగిరినవాళ్లెవరూ గుర్తురారు.

ఇరానీ చాయ్ వచ్చింది. రిటైరై ఇన్నేళ్లయినా కెప్టెన్ గారు పెద్దాయన్ని "వారెంట్ సాబ్" అనే పిలుస్తున్నారు. ఈయన ప్రతి మాటకీ "సార్" అంటూనే, కెప్టెన్ చెప్పే తేదీలన్నీ సరిదిద్దుతున్నాడు.

1987లో శాంతి పరిరక్షక దళంతో ఇద్దరూ శ్రీలంక వెళ్లారు. అక్టోబరు 11 రాత్రి జాఫ్నా విశ్వవిద్యాలయ మైదానంలో సైనికులను దించడానికి పలాలీ నుంచి ఎంఐ-8లు లేచాయి. కింద ఎల్‌టీటీఈ కాచుకుని ఉంది. తూట్లు పడ్డ హెలికాప్టర్లు మిగతావాళ్లను తీసుకుని మళ్లీ వెళ్లలేకపోయాయి. అక్కడ చిక్కుకున్న సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ జట్టులో 29 మంది చనిపోయారు, ప్రాణాలతో పట్టుబడింది ఒక్కరే. "దాని మీద పుస్తకాలున్నాయి, చదువుకోండి" అని కెప్టెన్ మాట మార్చేశారు. నేనూ రెట్టించలేదు.

ఉత్తరాల దగ్గరికొచ్చేసరికి మాత్రం పోటీలు పడి చెప్పారు. విదేశంలో ఉన్నా వాళ్ల చిరునామా సైనిక తపాలాదే, 'కేరాఫ్ 56 ఏపీవో'. ఇంట్లోవాళ్లు ఆ చిరునామా రాసి ఈ ఆబిడ్స్ సర్కిల్లోని జీపీవోలో వేస్తే చాలు, ఎక్కడున్నా చేరేది. జాఫ్నా అయినా అదే, ఆఫ్రికా అయినా అదే. "మా ఆడామెకు నేను ఏ దేశంల ఉన్ననో కవరు మీద చూస్తె తెల్వదు. లోపట రాసుడు బందు. నేను బాగున్న, నువ్వు బాగున్నవా, గంతే" అన్నాడు వారెంట్ సాబ్.

తర్వాత ఐక్యరాజ్యసమితి (యూఎన్) తరఫున సియెర్రా లియోన్. 2000 మే నుంచి కైలహూన్‌లో మన గూర్ఖా రైఫిల్స్ రెండు కంపెనీలను ఆర్‌యూఎఫ్ తిరుగుబాటుదారులు చుట్టుముట్టారు. జులై 15న ఆపరేషన్ ఖుక్రీ. బ్రిటిష్ చినూక్‌లు, మన ఎంఐ-8లు, ఎంఐ-35లు. వానాకాలం, మబ్బు నెత్తి మీదే ఉంది. అంత పెద్ద ఆపరేషన్ గురించి అడిగితే ఫ్లైట్ ఇంజనీరు చెప్పింది బురద గురించి. ఎంఐ-8లో ఆయన సీటు ఇద్దరు పైలట్ల మధ్యన, చిన్నది. దిగేటప్పుడు తలుపు దగ్గరికి పోయి కిందకు చూస్తూ ఎత్తు అరిచి చెప్పాలి. చక్రాలు ఎంత కూరుకుపోతాయో చూసి చెప్పాల్సింది ఆయనే. దుమ్ము లేస్తే పైలట్‌కు నేల కనపడదు, అప్పుడు ఆ గొంతే ఆధారం. వీళ్లకు దేశాలు గుర్తుండేది దిగిన చోట్లను బట్టేనని అప్పుడు తెలిసింది. జాఫ్నా అంటే తాటిచెట్లు, కైలహూన్ అంటే బురద.

కాంగోలోని గోమా అంటే నల్లరాయి. 2002 జనవరిలో నీరగోంగో అగ్నిపర్వతం పేలి లావా ఊళ్లోంచి పారింది, రన్‌వేలో కొంత దాని కింద పడిపోయింది. మరుసటి ఏడు మన దళం అక్కడికి వెళ్లింది. తెల్లరంగు హెలికాప్టర్లు, వాటి మీద నల్లగా యూఎన్ అక్షరాలు. గడ్డకట్టిన ఆ లావా మీదే జనం మళ్లీ ఇళ్లు కట్టుకుంటుంటే వారెంట్ సాబ్ పైనుంచి రోజూ చూశాడట.

గల్ఫ్ వలసల మీద మనకు కథలున్నాయి, అమెరికా మీద బోలెడు. ఫ్లైట్ ఇంజనీరు తెలుగులో రాసుకున్న పుస్తకం ఇందాకటి గుట్టల్లో గానీ మరెక్కడైనా గానీ నాకింతవరకు కనపడలేదు. ఆ మాటే అంటే కెప్టెన్ నవ్వి, "వీళ్లు ఫారాలు తప్ప ఏమీ రాయరు" అన్నారు.

వారెంట్ సాబ్‌తో కలిసి నాంపల్లి స్టేషన్‌కు నడిచాను. మద్రాసు వైపు పోయేందుకు ఇక్కడే చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాడట, ఇనప ట్రంకు పెట్టెతో. ప్లాట్‌ఫారం మీద నిలబడి నా నోటుబుక్కు వైపు చూసి అన్నాడు: "పైలట్ల ముచ్చట అందరు రాస్తరు. తెల్లారంగనె నిచ్చెన ఎక్కెటోళ్లది రాయి సార్."

నిచ్చెనెక్కి ఏం చూస్తారో చెప్పడం మొదలుపెట్టాడు. రోటర్ బ్లేడు లోపల గాలి నింపి ఉంటుంది. ఎక్కడైనా బీటవేస్తే గాలి తగ్గి, బ్లేడు మొదట్లో ఉండే చిన్న పారదర్శకపు గొట్టంలో ఎర్రపట్టీ బయటపడుతుంది. అయిదు బ్లేడ్లకూ అయిదు గొట్టాలు. వానలో వాటి మీద మసక కమ్మితే జేబురుమాలుతో తుడిచి తుడిచి చూడాలి. మూడో బ్లేడు దాకా వచ్చేసరికి లింగంపల్లి ఎంఎంటీఎస్ వచ్చింది. ఎక్కి, తలుపు దగ్గర నిలబడి, బండి కదులుతుంటే అరిచాడు:

"ఎఫ్-700 ఫారంల నేను సైన్ చేసినంకనే కెప్టెన్ సైన్ చేస్తడు! అది రాసుకో!"